నల్లరాతిపై పేర్లు

వాషింగ్టన్‌లో లింకన్ స్మారకానికి కూతవేటు దూరంలో, నేలలోకి దిగిపోయినట్టుండే గోడ ఒకటుంది. మొదట్లో జానెడే... నడిచేకొద్దీ పెరిగి, మధ్యకొచ్చేసరికి పదడుగులవుతుంది. దానిమీద వియత్నాం యుద్ధంలో మరణించిన, ఆచూకీ లేకుండాపోయిన 58 వేల మందికి పైగా అమెరికన్ల పేర్లు. హోదాలు లేవు. చనిపోయిన తేదీల వరసే. అందుకే ఒకే రోజు నేలకొరిగిన స్నేహితులు దగ్గరదగ్గరగానే ఉంటారు.

ఆ యుద్ధం అమెరికాలో తండ్రీకొడుకుల మధ్యే గొడవలు పెట్టింది. తిరిగొచ్చిన చాలామంది సైనికులకు స్వాగతం చెప్పినవాళ్లే లేరు. 1982లో పూర్తయిన ఈ గోడకూ తిట్లు తప్పలేదు. 1,421 నమూనాల్లోంచి నెగ్గింది 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్ గీసిన బొమ్మ. నల్లరంగు అవమానమని కొందరు మాజీ సైనికులు మండిపడ్డారు. వాళ్లను శాంతింపజేయడానికి 1984లో పక్కనే ముగ్గురు సైనికుల కంచు విగ్రహాలు పెట్టారు.

ఆ నల్లరాయి వెళ్లింది ఎక్కణ్నుంచో తెలుసా? మన బెంగళూరు నుంచే! అద్దంలా మెరిసే ఆ రాతిలో, పేరు వెతికేవాళ్ల ముఖమూ కనిపిస్తుంది. పేరు దొరికితే దానిమీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చు ఇంటికి తీసుకెళ్తారు. గోడ కింద ఉత్తరాలు, పతకాలు, పాత బూట్లు వదిలేసి వెళ్తారు. పూలలాంటివి తప్ప, మిగిలినవాటిలో ఎన్నింటినో పార్కు సిబ్బంది ఏరి, జాగ్రత్తగా దాచిపెడతారు.