వ్యాగన్ నంబర్లు రాసుకున్న రోజ్ గారు

మేము తమిళ మీడియంలో చదువుకున్నవాళ్ళం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర ఇంట్లో నేర్చుకున్నాం. తప్పులుంటే మన్నించండి.

రైల్వే గూడ్స్ ఆఫీసులో మా బతుకంతా నంబర్లే. వ్యాగన్ నంబరు, సీలు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి. ఒక్క అంకె తప్పితే సరుకు ఎక్కడికో పోతుంది. అందుకేనేమో, రోజ్ వలాండ్ గారి కథ మా మనసుకు బాగా పట్టింది.

ఆమె ఫ్రాన్సులో ఒక కమ్మరి కూతురు. పారిస్‌లో జు ద పోమ్ అనే మ్యూజియంలో 1932 నుంచి జీతం లేకుండా పనిచేశారు. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించింది. యూదుల ఇళ్ళలో దోచిన చిత్రపటాలను ఆ మ్యూజియంకు తెచ్చి, అక్కడి నుంచి జర్మనీకి పంపేవారు. గోరింగ్ స్వయంగా వచ్చి తనకు కావలసినవి ఏరుకునేవాడు. పై అధికారి జోజార్ గారు ఉండమంటే రోజ్ గారు అక్కడే ఉండిపోయారు. ఆమెకు జర్మన్ భాష అర్థమవుతుందని వాళ్ళకు తెలియదు. ఏ పటం ఎవరిది, ఎక్కడికి పోతోంది, అన్నీ విని రహస్యంగా రాసుకునేవారు. ఒక రోజు కాదు, నాలుగేళ్ళు. పట్టుబడితే ప్రాణం పోయేదే.

1944 ఆగస్టులో 148 పెట్టెలను 5 వ్యాగన్లలో ఎక్కించారు. ఆమె ఆ నంబర్లు జోజార్ గారికి ఇచ్చారు. ఆయన ద్వారా రైల్వేవాళ్ళకు అందాయి. వాళ్ళు ఏదో ఒక సాకు చెప్పి బండిని పారిస్ శివారు దాటనివ్వలేదు. చివరికి ఫ్రెంచి సైనికులు వచ్చి పట్టుకున్నారు. ఆ దళం నాయకుడు అలెగ్జాండర్ రోసెన్‌బర్గ్. పెట్టెలు తెరిస్తే వాళ్ళ నాన్నగారి పటాలు కూడా అందులో ఉన్నాయి! యుద్ధం ముగిసే రోజుల్లో, జర్మనీలో నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటలో దాచిన సొత్తు దొరికిందన్నా ఆమె చెప్పిన ఆచూకీ వల్లే.

ఇక మన సంగతి. సంఘం కట్టడానికి సున్నం కొట్టించిన ఏడు, పెద్దలు తెలుగులో రాసిన పాత మినిట్స్ పుస్తకాలు పాతపేపరు బండికి పోయాయి. "ఇప్పుడు తెలుగు ఎవరు చదువుతారు?" అన్నారు ఒకరు. మేము అక్కడే నిలబడి తల ఊపాం. మా మీద తుపాకీ ఎవరూ పెట్టలేదు. జీవితమంతా నంబర్లు రాసిన మేము, ఆ పుస్తకాలు ఎన్నో కూడా లెక్క రాసుకోలేదు.

మీ ఇంటి అటక మీద తెలుగు కాయితం ఏదైనా ఉంటే పారేయకండి. ఒక్క మాట చెప్పండి, మేమే నోటు పుస్తకం తీసుకుని వస్తాం.