దేవరకొండ రేడియో ముల్లు

షార్టువేవు వినడానికి నేడు హైదరాబాదు పనికిరాదు. ఎల్.ఇ.డి. దీపాలు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి చేసే గరగర ముందు దూరదేశపు గొంతు నిలవదు. నెదర్లాండ్సులో ట్వెంటె విశ్వవిద్యాలయంవారు 2008లో ఒక రిసీవరును ఇంటర్నెట్టుకు తగిలించి లోకానికంతటికీ విప్పిపెట్టారు. బాగానే వుంటుంది గాని, అది ఐరోపా ఆకాశం. మన ఆకాశం వినాలని నేను దేవరకొండ బస్సెక్కాను.

ఇబ్రహీంపట్నం ప్రాంతంలో జాపాల–రంగాపూరు దగ్గర ఉస్మానియావారు 1968లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొల్పారు, చీకటి కోసం. పట్నపు వెలుగు అక్కడికీ నడచివచ్చింది. నిశ్శబ్దానికి మాత్రం ఇంకా కొంత చోటు మిగిలివుంది.

మాలు, మల్లేపల్లి దాటితే రాతిగుట్టలు. వాటిలో ఏడింటిని చుట్టి పద్నాల్గవ శతాబ్దిలో రేచర్ల పద్మనాయకులు కట్టిన కోటే దేవరకొండ. డిండి వాగు అవతల పాత పాలమూరు జిల్లా. మా మేనమామ ఇంట్లో పాత వాల్వు రేడియో వున్నది. సిలోన్ తెలుగు పాటలన్నీ ఆయన దానిలోనే విన్నాడు.

దాని లోపలి ఆసిలేటరు తీసేసి, కంప్యూటరు నడిపే చిన్న చిప్పు పెడదామన్నాను. మామ ఒప్పుకోలేదు.

“ముల్లు కదలాలె బిడ్డా. ముల్లు కదలకుంట ఊరు మారితే అది రేడియో ఎట్లయితది?”

ఆలోచిస్తే ఆయన మాటే బాగున్నది. గుండీకి బెల్టు వేసి స్టెప్పర్ మోటారు తగిలించాం. ఇలాంటి సెట్టులో ఆసిలేటరు, మనం వినే స్టేషనుకంటే 455 కిలోసైకిళ్లు పైన మోగుతుంది. వాల్వు పక్కన ఆనీ ఆనకుండా ఒక తీగ పెడితే ఆ మోత దొరుకుతుంది. గట్టిగా కలిపితే స్టేషనే జరిగిపోతుంది. కంప్యూటరు దానిని లెక్కపెట్టి, 455 తీసివేసి, కావలసిన చోట మోటారును ఆపుతుంది. డయలు తాడు సాగినా చింత లేదు. ఒక్క జాగ్రత్త: ట్రాన్స్‌ఫార్మరు లేని సెట్టయితే చాసిస్సుకే కరెంటు వుంటుంది. అలాంటిదాని జోలికి పోవద్దు.

ఎర్తు కోసం గుంత తవ్వితే రెండడుగులకే బండ తగిలింది. చివరకు ఎండిన బోరుబావి ఇనుప పైపు అక్కరకు వచ్చింది. ఏరియల్ వేపచెట్టుకు కట్టాం.

చీకటి పడ్డాక 10,000 అని కొట్టాను. ముల్లు మెల్లగా నడచి ఆగింది, ఆసిలేటరు లెక్క 10,455. చైనా కాలసంకేత కేంద్రం బి.పి.ఎం. టిక్కు టిక్కుమన్నది. మామ తన చేతిగడియారం సరిచేసుకున్నాడు.

బాండు స్విచ్చికి మోటారు పెట్టలేదు, మామ పెట్టనివ్వలేదు. ఇప్పుడు హైదరాబాదునుంచి బాండు మార్చాలంటే ఆయనకు ఫోను చెయ్యాలి. ఫోన్లో ముందు వానలు, పిల్లల చదువులు, నడుంనొప్పి అన్నీ అయిన తరువాతే స్విచ్చి తిరుగుతుంది. మొన్న నేను ఏదో స్టేషను కోసం ముల్లును నడుపుతుంటే ఆయనే ఫోను చేశాడు.

“జెర ఎనకకు పోనియ్యి బిడ్డా, పాట పోయింది.”