ఒక శాతం దగ్గర ఆగిన నగరం

చలికాలం మొదలయ్యేలోగా మా బోథెల్ లాంటి చిన్న నగరాల కౌన్సిళ్ల ముందుకు ఒక పత్రం వస్తుంది. జనవరిలో ఒలింపియాలో మొదలయ్యే వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ సమావేశాల్లో నగరం తరఫున ఏమేం అడగాలో అందులో ఉంటుంది. నగరం ఏ పన్ను ఎంతవరకు వేసుకోవచ్చో తేల్చేది రాష్ట్రమే. అందుకే ఊరి రోడ్లు, పార్కులు, పోలీసుల సంగతి మాట్లాడాలన్నా చివరికి ఒలింపియా దాకా వెళ్లాల్సి వస్తుంది.

బేసి సంవత్సరాల్లో సమావేశాలు 105 రోజులు, సరి సంవత్సరాల్లో 60 రోజులే. ఉభయ సభల్లో కలిపి 147 మంది సభ్యులు. వాళ్ల ముందు వందల బిల్లులుంటాయి. అంత ఒత్తిడిలో ఇరవై కోరికల జాబితా పట్టుకెళితే ఒక్కటీ గుర్తుండదు. నన్నడిగితే రెండు మూడు చాలు, మొదటిది మాత్రం ఇంటిపన్ను మీద ఉన్న ఒక శాతం పరిమితే కావాలి.

"మన ఇళ్ల ధరలు రెట్టింపయ్యాయి కదన్నా, సిటీకి డబ్బుకేం లోటు?" అని గుడిలో కలిసిన ఒక తమ్ముడు అడిగాడు. చాలామంది తెలుగువాళ్ల మనసులో ఉన్న ప్రశ్నే ఇది. ఇంటి విలువ పెరిగినంత మాత్రాన నగరానికి వచ్చే మొత్తం పెరగదు. నిరుడు వసూలు చేసుకోగలిగిన మొత్తం మీద ఈ ఏడాది ఒక శాతానికి మించి పెంచకూడదు. కొత్త కట్టడాల మీద వచ్చేది మాత్రం అదనం. ఇళ్ల విలువలన్నీ ఒకేలా పెరిగితే పన్ను రేటు తగ్గిపోతుంది, రాబడి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. 2022 వేసవిలో సియాటిల్ ప్రాంతంలో సరుకులు, సేవల ధరలు ఏడాదిలో 10 శాతం దాకా పెరిగాయి. తారు, జీతాలు, బీమా ఖర్చులు ఒక శాతం దగ్గర ఆగవు కదా. ఆ తేడా ఏటా పేరుకుంటూనే పోతుంది.

ఈ పరిమితి 2001లో ప్రజల ఓటుతో వచ్చింది. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేస్తే, అదే నెలలో ప్రత్యేకంగా సమావేశమై శాసనసభ మళ్లీ చట్టం చేసింది. 2025లో దాన్ని 3 శాతం దాకా సడలించాలన్న ప్రతిపాదన వచ్చినా చివరికి నెగ్గలేదు. ప్రజల భయం నాకు అర్థమవుతుంది. పింఛను మీద బతికే పెద్దవాళ్లకు ఇంటిపన్ను నిజంగా భారమే, వాళ్లకిచ్చే మినహాయింపులు ఇంకా పెంచాలి. కానీ అందుకోసం ఊరి మొత్తం రాబడిని ఇలా బిగించి ఉంచడం సరికాదు. పరిమితి దాటాలంటే నగరం ఓటర్ల దగ్గరికి వెళ్లవచ్చు. ఓటర్లు కాదంటే లైబ్రరీకెళ్లే దారిలో గుంతలు అలాగే ఉంటాయి.

రెండోది మా నార్త్ క్రీక్‌లోకి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపల సంగతి. చేపల దారికి అడ్డుగా ఉన్న రాష్ట్ర రహదారుల కల్వర్టులను మార్చాలని 2013లో ఫెడరల్ కోర్టు ఆదేశించింది. ఇక్కడి ఆదివాసీ తెగలతో చేసుకున్న ఒప్పందాల ప్రకారం వాళ్ల చేపల వేట హక్కును కాపాడాలన్నది ఆ తీర్పు సారం. 2018లో అమెరికా సుప్రీంకోర్టులో న్యాయమూర్తులు 4-4గా చీలడంతో ఆ ఆదేశమే నిలిచింది. రాష్ట్రం కోట్ల డాలర్లు పెట్టి తన కల్వర్టులు మారుస్తోంది. అయితే అదే వాగు మీద నగరం కల్వర్టు పాతదే ఉంటే చేప అక్కడ ఆగిపోతుంది. నగరాలకు కూడా నిధులివ్వమని అడగడం న్యాయమే.

మనవాళ్లకు అసలు చెప్పాలనుకున్నది ఇదీ. అమరావతిలో ఏ బిల్లు వచ్చిందో మనకు ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. మన పిల్లలు ఆడుకునే పార్కు బడ్జెట్ తేల్చే బిల్లు మాత్రం మన కంట పడదు. కమిటీ విచారణకు గంట ముందు దాకా శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబరు వెతికి, అనుకూలమో వ్యతిరేకమో నమోదు చేయవచ్చు. ఇంట్లో కూర్చుని వీడియోలో మాట్లాడనూ వచ్చు. దీనికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లూ, పిల్లల దగ్గరకు వచ్చి గ్రీన్‌కార్డు మీద ఉన్న తల్లిదండ్రులూ మాట్లాడవచ్చు. ఆ పెద్దవాళ్లలో మన ఊళ్లలో మున్సిపల్ ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా పనిచేసినవాళ్లున్నారు. కాలువకు తూము కట్టించిన మనిషి కల్వర్టు గురించి చెబితే కమిటీ శ్రద్ధగా వింటుందని నా నమ్మకం. ఈసారి ఇంటిపన్ను బిల్లు విచారణకు వస్తే నేను పేరు నమోదు చేస్తాను, ఆ తమ్ముడికీ లింకు పంపుతాను.