పాతపాటకు కొత్త దరువు

పలాస జీడితోటల మొదలు ఉద్దానం కొబ్బరితోటల దాకా, ఊరి సంబరాల్లో నాటకమంటే ఇప్పుడు చాలాచోట్ల హార్మోనియం పక్కకు కీబోర్డు, డ్రమ్ము కూడా చేరాయి. "సంప్రదాయం మంటగలిసింది మాస్టారూ!" అని టెక్కలిలో మా పెద్దలు నిట్టూరుస్తారు.

వారు సంప్రదాయమంటున్న హార్మోనియం మాత్రం మనదా? ఐరోపాలో పుట్టి ఓడెక్కి వచ్చినదే! 1940లో రేడియోవారు దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు కూడాను. మన పాత నాటకాల వరసల్లో పార్శీ, ధార్వాడ సమాజాల బాణీలు ఎన్ని కలిశాయో!

ఇది మన ఒక్కరి గొడవ కాదు. 1885లో లండనులో గిల్బర్టు మాటలతో, సలివన్ సంగీతంతో 'మికాడో' అనే హాస్య సంగీత నాటకం వెలసింది. 1938లో షికాగోలో నల్లజాతి కళాకారులు అందులో కొన్ని పాటలకు స్వింగు దరువు కట్టారు. మరుసటి ఏడే న్యూయార్కులో 'హాట్ మికాడో' వచ్చింది.

మనకూ అలాటిది లేకపోలేదు. 'శ్రీకృష్ణ తులాభారం'లో స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలంపై పాడిన గర్వపు పాట, 1966లో సినిమాకెక్కి సుశీలగారి గొంతులో ఇంటింటా మోగింది. వాద్యాలు మారాయి, సత్యభామ ధీమా మారలేదు.

కనుక కుర్రాళ్లతో నా పేచీ దరువు గురించి కాదు, మాట గురించి. హాస్యపాటకు ప్రాణం మాటవిరుపు. డ్రమ్ము హోరులో అది వినబడకపోతే ముందువరుసలోని ముసలమ్మ దేనికి నవ్వాలి? మా విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: "దరువు మీ ఇష్టం నాయనా! మాట దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి కాస్త తేలిక చెయ్యండి."

అలా చేసిన నాడు మా పెద్దలూ తాళం వేస్తారు.