వచ్చినవాళ్లు కట్టిన ఊరు: షెన్‌జెన్

షెన్‌జెన్‌లో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ముందు వచ్చే ప్రశ్న "మీదే ఊరు?" అనే. ఒకరు హునాన్ అంటారు, ఒకరు సిచువాన్, ఇంకొకరు జియాంగ్సీ. "ఇక్కడే పుట్టాను" అనేవాళ్లు అరుదు. ఇంటర్న్‌షిప్ కోసం మొదటిసారి దేశం దాటిన వాళ్లకు ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయి కూడా ఈ మధ్యనే ఒక సూట్‌కేసుతో రైలు దిగినదే. మనకు చైనీస్ రాదు సరే, ఆమెకు ఈ గువాంగ్‌డాంగ్ ప్రాంతపు కాంటనీస్ రాదు. ఊరి నిండా వలస వచ్చినవాళ్లే కాబట్టి కాంటనీస్ నేల మీద ఉన్నా ఇక్కడి వీధుల్లో వినిపించేది మాండరిన్.

చేపలు పట్టుకునే చిన్న పల్లె నలభై ఏళ్లలో మహానగరమైందని ఈ ఊరి గురించి అందరూ చెప్పే కథ. అది సగమే నిజం. 1980 ఆగస్టులో ప్రత్యేక ఆర్థిక మండలిగా ప్రకటించేనాటికే ఈ ప్రాంతంలో సుమారు మూడు లక్షల మంది ఉన్నారు. నాన్‌తౌ అనే పాతపట్నం శతాబ్దాలపాటు పరిపాలన కేంద్రం. తూర్పు తీరంలోని దాపెంగ్ కోట 1394లో, మింగ్ రాజుల కాలంలో కట్టింది. కొత్తదల్లా ఆ తర్వాత వచ్చి పడిన జనమే: 2020 జనగణన నాటికి కోటీ డెబ్బై అయిదు లక్షలు. మొదట్లో ఆ రాక అంత సులువు కూడా కాదు. మండలి చుట్టూ 84 కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. సొంత దేశంలోనే చైనా పౌరులు అనుమతి పత్రం చూపిస్తే తప్ప లోపలికి రానిచ్చేవారు కాదు. ఆ సరిహద్దును అధికారికంగా ఎత్తేసింది 2018లోనే.

ఎలక్ట్రానిక్స్ పని మీద వెళ్లినవాళ్లకు అసలైన బడి హువాచియాంగ్‌బే. ఫుతియాన్ జిల్లాలో ఒక వీధి, దాని చుట్టూ అంతస్తుల మీద అంతస్తులుగా మార్కెట్లు. 1988లో సెగ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌తో ఇది ఊపందుకుంది. ఒక్కో అంతస్తులో వందల కౌంటర్లు, అన్నీ మనిషి కూర్చునేటంత జాగాలోవే. ఒక కౌంటర్లో కెపాసిటర్ల రీళ్లు తప్ప ఇంకేమీ ఉండవు. పక్కదాంట్లో కెమెరా లెన్సులు, ఆ పక్కన ఫోను స్క్రీన్లు, ఇంకో మూల ఉత్త మరలు. ఒక చేత్తో పిల్లవాడికి అన్నం పెడుతూ తల్లి రెండో చేత్తో కాల్క్యులేటర్ మీద ధర కొట్టి మన వైపు తిప్పుతుంది. మనం తక్కువ అంకె కొట్టి చూపిస్తాం. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకో అంకె కొడుతుంది. బేరం కుదిరిపోతుంది.

ఆ కౌంటర్ ఆ కుటుంబం మొత్తం వ్యాపారమనుకుంటే పొరపాటు. చాలావాటి వెనక బావోఆన్ జిల్లాలోనో లాంగ్‌హువా జిల్లాలోనో ఒక ఫ్యాక్టరీ ఉంటుంది. కౌంటర్లో దొరికేది నమూనా. పది వేలు కావాలంటే సరుకు అక్కణ్నుంచి వస్తుంది. సర్క్యూట్ బోర్డు డిజైన్ ఫైలు సాయంత్రం పంపిస్తే, మామూలు బోర్డయితే ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తుంది. ఇదే పనికి మన దగ్గర పార్సెల్ కోసం, కస్టమ్స్ క్లియరెన్స్ కోసం వారాల తరబడి ఎదురుచూసిన అనుభవం ఇంజనీరింగ్ విద్యార్థులు చాలామందికి ఉంటుంది. ఈ ఊళ్లో 1985లో పూర్తయిన 53 అంతస్తుల గువోమావ్ భవనాన్ని మూడు రోజులకో అంతస్తు చొప్పున లేపారు. "షెన్‌జెన్ వేగం" అనే మాట అప్పుడు పుట్టింది. నేను చూసినంతలో ఈ వేగానికి ప్రాణం దగ్గరితనం. డిజైన్ చేసేవాళ్లు, బోర్డు తయారు చేసేవాళ్లు, ప్లాస్టిక్ అచ్చు పోసేవాళ్లు, డబ్బాలో సర్దేవాళ్లు అందరూ గంటా గంటన్నర ప్రయాణంలోనే ఉంటారు. ఫ్యాక్టరీలకు భూములిస్తే చాలు పరిశ్రమ వచ్చేస్తుందని నమ్మే మన పాలకులు ఒక్కసారి ఈ వీధిలో నడవాలి.

ఆఫీసు సంగతి క్లుప్తంగా చెబుతాను. మధ్యాహ్నం భోజనం కాగానే లైట్లు ఆర్పేస్తారు. బల్లల కింద నుంచి మడత మంచాలు బయటికొస్తాయి, అందరూ కాసేపు కునుకు తీస్తారు. సాయంత్రం పని మాత్రం ఎప్పటికి తెములుతుందో ఎవరూ చెప్పలేరు. గూగుల్, వాట్సాప్ మామూలుగా పనిచేయవు. కబుర్లకూ, కూరగాయలకూ, అద్దెకూ, ఆఫీసు పనికీ అన్నిటికీ వీచాట్ ఒక్కటే.

ఇంటర్న్‌కిచ్చే డబ్బుతో టవర్లలో అద్దెకుండలేం. దొరికేది నగర గ్రామాల్లోనే. ఊరు పెరుగుతుంటే ప్రభుత్వం పొలాలు తీసుకుంది, ఇళ్ల స్థలాలు మాత్రం గ్రామస్థుల చేతుల్లోనే మిగిలాయి. వాళ్లు ఆ కాస్త జాగాలోనే ఆరేడు అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చారు. కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటివాళ్ల చెయ్యి అందుతుంది. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లో తిరిగినవాళ్లకు ఇక్కడ దారి తప్పినట్టుండదు. కింద నూడుల్స్ కొట్టు, మంగలి షాపు, ఫోను రిపేరు, తెల్లవారకముందే ఆవిరి కక్కే బన్నుల గిన్నెలు. మధ్యలో ఎక్కడో మర్రిచెట్టు, పాత వంశీకుల పూర్వీకుల మందిరం. నాకు ఈ ఊళ్లో 599 మీటర్ల పింగ్ఆన్ టవర్ కంటే ఈ సందులే గొప్పగా కనిపించాయి. వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రవాడు మొదటి జీతం అందేదాకా తట్టుకోగలిగింది వీటి వల్లే.

వీటిని ఒక్కొక్కటిగా కూలుస్తున్నారు. నాన్‌షాన్ జిల్లాలోని బైషిజౌలో దాదాపు లక్షన్నర మంది ఉండేవారు. 2019లో ఖాళీ చేయించడం మొదలైంది. ఇంటి యజమానులకు పరిహారం దక్కింది, అద్దెకున్నవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు.

"వస్తే చాలు, నువ్వు షెన్‌జెన్ మనిషివే" అనే నినాదం ఈ ఊరికి బాగా ఇష్టం. పలకరింపులో అది నిజమే, కాగితాల్లో అంతగా కాదు. జనాభాలో స్థానిక నివాస నమోదు, అంటే హుకౌ, ఉన్నవాళ్లు దాదాపు మూడో వంతే. పిల్లల చదువు, ఇంకా ఎన్నో సౌకర్యాలు ఆ నమోదుతో ముడిపడి ఉన్నాయి. ఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ కంపెనీ అసెంబ్లీ లైన్‌లో పనిచేసిన షు లిజి అనే యువకవి 2014లో, 24 ఏళ్లకే ఈ ఊళ్లో ఆత్మహత్య చేసుకున్నాడు. అతని కవితలు ఆ తర్వాతే ఇంగ్లిష్‌లోకీ వెళ్లాయి. మన చేతుల్లోని ఫోన్లు ఎవరి చేతుల మీదుగా వస్తున్నాయో తెలుసుకోవడానికైనా అతణ్ని చదవాలి.

తిండికి తెలుగువాళ్లు బెంగపడక్కర్లేదు. హునాన్ వలసల పుణ్యమా అని వీధివీధికీ వాళ్ల భోజనశాలలున్నాయి. ఊరవేసిన ఎర్ర మిరపకాయ తరుగు దట్టంగా పరిచి ఆవిరి మీద ఉడికించిన చేప తలకాయకు మన గోదావరి జిల్లాల నాలుక కూడా జోహారు చెబుతుంది. శాకాహారులకే కష్టం, ఆకుకూరలో కూడా పంది కొవ్వు పడుతుంది. వాళ్లకు బౌద్ధుల శాకాహారశాలలే దిక్కు. పెరుగు తియ్యగా ఉంటుంది.

రోడ్డు మీద మాత్రం చెవి కాసేపు దేనికోసమో వెతుక్కుంటుంది. 2017 చివరికల్లా ఈ నగరం తన సిటీ బస్సులు 16 వేలకు పైగా, అన్నిటినీ బ్యాటరీ బస్సులుగా మార్చేసింది. వాటిలో అత్యధికం చేసిన బీవైడీ ఈ ఊరిదే. 2019లో మన ఆర్టీసీ శంషాబాద్ విమానాశ్రయానికి తిప్పిన ఎలక్ట్రిక్ బస్సులు కూడా ఆ సంస్థ సాంకేతికతతో ఒలెక్ట్రా తయారుచేసినవే.

వెళ్లదలచినవాళ్లకు కొన్ని మాటలు. ఇంటర్న్‌షిప్‌కు అనుమతించే వీసా కాగితం మీద చూసుకున్నాకే విమానం ఎక్కండి. పర్యాటక వీసా మీద పని చేయించుకుంటామనే కంపెనీకి నమస్కారం పెట్టేయండి. ఒకటి నుంచి వెయ్యి దాకా మాండరిన్ అంకెలు ముందే నేర్చుకోండి. గది నగర గ్రామంలోనే వెతకండి, ఈ ఊరిని కట్టినవాళ్లు ఉండేది అక్కడ. దిగిన 24 గంటల్లో పోలీసు నమోదు తప్పనిసరి, అందుకు ఇంటి యజమాని ఒప్పుకుంటారో లేదో అడ్వాన్స్ ఇచ్చేముందే అడగండి.