పాట మధ్యలో లెక్క

పాటతో పొట్ట నిండదని పెద్దలంటారు. నిజమే. మరి పేదవాడి ఆకలిని పాటగా కట్టి, దానికి తియ్యని రాగం కూర్చి, భోజనాలైన తరువాత తీరికగా కూర్చుని వినడం ఏపాటి న్యాయం? ఈ ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. భూగోళానికి అవతలివైపున బ్రెజిల్ దేశంలోనూ వచ్చింది.

1950ల చివర రియో డి జనీరో నగరంలో ‘బోసా నోవా’ అనే సంగీతం పుట్టింది. కొత్త పోకడ అని ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు. ఒక గిటారు, గొంతెత్తకుండా, పక్కవారితో మాట్లాడినట్లు సాగే పాట. సముద్రం, చల్లగాలి, వలపు - ఇవీ అందులోని ముచ్చట్లు. పాడినవారిలో చాలామంది సముద్రపుటొడ్డున మేడల్లో పెరిగిన మధ్యతరగతి పిల్లలు. ఆ మేడల వెనకే కొండలు, కొండలమీద పేదల గుడిసెలు. 1960లో సెర్జియో రికార్డో ‘జెలావ్’ అనే పాట కట్టాడు. వానకు గుడిసె కొట్టుకుపోయిన ఒక కొండవాసి కథ అది. వలపు పాడుకునే మెత్తని బాణీలోకి ఆ విధంగా గుడిసె కూడా వచ్చి చేరింది.

1964 ఏప్రిల్ నెలలో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ డిసెంబరులోనే రియోలో ‘ఒపినియావ్’ అనే పాటల ప్రదర్శన మొదలైంది. అభిప్రాయం అని దాని అర్థం. వేదికమీద ముగ్గురు: కోపకబానా మేడల్లో పెరిగిన నారా లియావ్, సాంబా పాటలు కట్టే జే కేతి, ఈశాన్య ప్రాంతంనుంచి బతుకుతెరువుకు వచ్చి రియోలో ఇళ్లు కట్టేచోట కూలిపని చేసిన జొవావ్ దో వాలే. మరుసటి ఏడు నారా స్థానంలో మరియా బెతానియా వచ్చింది. కరువుసీమలో వేటాడి బతికే ఒక పక్షిమీద జొవావ్ కట్టిన ‘కర్కరా’ పాడుతూ, మధ్యలో ఆమె ఒక లెక్క చదివేది. ఈశాన్యంలో ఏ రాష్ట్రంనుంచి నూటికి ఎందరు ఊరు విడిచిపోయారో చెప్పే లెక్క అది. సంగీతకచేరీలో జనాభా లెక్కలేమిటని ఎవరైనా అడిగితే అడగవచ్చు గాని, విన్నవారికి ఆ అంకెలే గుండెలో దిగాయి.

మా జడ్చర్లవారికి ఈ కథ చెప్పి ఒప్పించనక్కరలేదు. హైదరాబాదుకూ, కర్నూలుకూ, రాయచూరుకూ దారులు కలిసే కూడలి మాది. మూటాముల్లె, పలుగూ పారా, చంకన పిల్లతో బస్సుకోసం నిలబడ్డవారిని చూడకుండా ఇక్కడ పెరిగినవారుండరు. ‘బతకబోయిన్రు’ అంటారు పల్లెల్లో. ఇంటికి తాళం, అరుగుమీద ముసలివాళ్లు. మేస్త్రీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఇక్కడ ఖర్చయిపోతుంది, దాని తాలూకు పని బొంబాయిలోనో పూణేలోనో చేసి తీర్చాలి. ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసి ‘పాలమూరు లేబరు’ అని దేశమంతటా పేరు తెచ్చుకున్నది ఈ జనమే. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది పాత పాలమూరు జిల్లాలోనే. అయినా ఊరూరా కాలువలు తవ్వినవారి చేలు వానకోసం ఆకాశంవైపు చూస్తూ ఉండిపోయాయి.

ఈ నేలలోనే, ఇప్పటి నాగర్‌కర్నూలు జిల్లా గౌరారంలో పుట్టినవాడు గోరటి వెంకన్న. 2002లో వచ్చిన ‘కుబుసం’ సినిమాతో ఆయన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట ఇంటింటికీ చేరింది. కుమ్మరి, కమ్మరి, సాలె - ఒక్కొక్కరి వృత్తీ ఎలా చితికిపోయిందో ఒక్కొక్క గడప ముందూ ఆగి అడిగినట్లుంటుంది. దీనికి కూడా రాగం తియ్యనిదే. కారులో పోతూ వినేవారున్నారు, పెళ్లిళ్లలో పాడించుకునేవారున్నారు. 2021 సంవత్సరానికి ‘వల్లంకి తాళం’ కావ్యానికి ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి కూడా వచ్చింది.

తియ్యదనం తప్పా? నాకు అలా తోచదు. ఊరు విడిచినవాడికి ఆ పాటలో కొత్త కబురేమీ లేదు. ఆ కబురు ఊళ్లో మిగిలిన మనకే కావాలి. మన చెవిదాకా అది రావాలంటే రాగం పల్లకి మోయక తప్పదు. కాని పల్లకి బాగుందని మెచ్చుకుని, లోపల కూర్చున్నదెవరో చూడకుండా పంపించేస్తేనే చిక్కు. బెతానియా పాట మధ్యలో లెక్క చదివింది బహుశా అందుకే.

ఆ లెక్క మన వాకిట్లోనూ ఉంది. మనం ఇల్లు కట్టించుకునేటప్పుడు ఇసుక, సిమెంటు లెక్కలన్నీ పుస్తకంలో రాసుకుంటాము. ఇటుకలు మోసే మనిషిది ఏ ఊరు, ఆమె బిడ్డ బడికి పోతోందా, మేస్త్రీ చేతికిచ్చిన డబ్బు ఆమె చేతికి చేరిందా - ఈ మూడూ అదే పుస్తకంలో ఎక్కడానికి మరొక పేజీ చాలు. పాట విని కళ్లు చెమర్చడం మంచిదే. వారం తిరగ్గానే కూలి బాకీ పెట్టకుండా ఇవ్వడం అంతకంటె మంచిది. రెండూ ఒకే ఇంట్లో జరగడానికి అడ్డేమీ లేదు.