ఒక రోజు వడ్డీ

మా నాన్న బ్యాంకులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశారు. రిటైరయ్యాక కూడా కిరాణా చీటీని రెండుసార్లు కూడతారు. ఒకసారి పైనుంచి కిందికి, మరోసారి కిందినుంచి పైకి. మేం నవ్వుకునేవాళ్లం.

పోయినేడాది ఓ రైతుల పరపతి సంఘానికి వడ్డీ లెక్కల ప్రోగ్రాం చేసిపెడతానని ఒప్పుకున్నాను. ఇప్పుడందరూ చేస్తున్నట్టే ఏఐకి అప్పజెప్పాను. అరగంటలో రాసేసింది. నలభై పరీక్షలు పెడితే నలభైలోనూ పాసయింది. ఆ పరీక్షలు తయారుచేసిందీ అదే! ప్రశ్నపత్రమూ జవాబులూ ఒకే పిల్లాడి చేత రాయించి వందకి వంద వేసినట్టు. అప్పుడా సంగతి తట్టలేదు. కోడ్ చదవకుండానే సరేననేశాను.

సరదాకి నాన్నకో లెక్క చూపించాను. 50,000 అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ, జూన్ 1న తీసుకుని 30న తీర్చారు. కంప్యూటర్ 493 రూపాయల 15 పైసలంది. నాన్న క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో వేసి, "476 రూపాయల 71 పైసలే అమ్మాయ్! తీసుకున్న రోజు లెక్కేస్తే కట్టిన రోజు వెయ్యకూడదు" అన్నారు.

పదహారు రూపాయలేగా అనబోయి ఆగిపోయాను. ఆ సంఘంలో అప్పున్నవాళ్లు మూడొందల మంది పైనే.

ఆ తప్పు పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కోడ్ అంత చిక్కుగా ఉంది. అందుకే ఓ చిన్న వర్చువల్ మెషీన్ తయారుచేశాను. అంటే కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటరన్నమాట. 1995లో వచ్చిన జావా నడిచేదీ అలాంటిదాని మీదే. ప్రోగ్రాంని నడిపే ముందు అది ఆదేశాలు నియమం తప్పాయేమో తనిఖీ చేస్తుంది. ఒక రోజు వడ్డీ ఎక్కువ పడిందా అన్నది మాత్రం దానికి పట్టదు. అది మనుషులు చూడాల్సిందే.

నా మెషీన్‌కి పద్నాలుగే ఆదేశాలు. 'తే', 'ఉంచు', 'కూడు', 'తీసెయ్', 'భాగించు'... ఇలా. వడ్డీ సూత్రాన్ని ఏఐ ఈ మాటల్లోనే రాయాలి. ఒక్కో అడుగుకీ ముందెంత, తర్వాతెంత అని ఓ వరుస అచ్చవుతుంది, లెడ్జర్‌లా. నత్తనడకే, కానీ మెషీన్ మొత్తం రెండు పేజీలు. ఏఐని దగ్గరికి రానివ్వకుండా నేనే రాసుకున్నాను.

నాన్న స్కేలు పెట్టుకుని మరీ చదువుతున్నారు. నిన్న రాత్రి ఓ వరుస కింద గీత గీసి అడిగారు. "భాగించాక మిగిలిన పైసలు ఎటు పోయాయమ్మా?"

ఆ భాగహారం ఏఐది కాదు, నాది. మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాను.